నీడ ఊరు ఒప్పుకుంది

సరిచూపు పర్యటన దినచర్య
రాసేది: ముద్దాడ సుభాషిణి, వయసు యాభై మూడు, సమాజశాస్త్రాల పీఠం, క్షేత్ర పరిశోధకురాలు
ఊరు: గండివలస ఉప్పు మడులు, నూట పన్నెండు గడపలు

ఒకటో రోజు

ఎండ సైరన్ మోగేలోపు చేరకపోతే పడవలోనే ఉడికిపోవాలి. అందుకని ఆరింటికే బయల్దేరి తొమ్మిదికల్లా దిగాను. రేవులో గాలిలోని తేమను పట్టే వలల కింద బిందెలు వరసగా పెట్టి ఉన్నాయి. నా వంతు నీళ్లు పట్టుకుని, బస ఇచ్చిన ఉప్పు గిడ్డంగిలో చాప పరుచుకుని ఇది రాస్తున్నాను.

పీఠంలో రెండో అంతస్తులో, చల్లటి గదిలో, కంప్యూటర్లలో, ఇంకో గండివలస ఉంది. దానికీ నూట పన్నెండు గడపలే. ఇక్కడ ముసలమ్మ ఉంటే అక్కడా ముసలమ్మ ఉంది. ఇక్కడి వాళ్లకు కాళ్లు పగుళ్లు, అక్కడి వాళ్లకు కాళ్లే లేవు. ప్రశ్న వేస్తే మాత్రం రెప్పపాటులో జవాబిస్తారు. దాన్ని మేము నీడ ఊరు అంటాం. నిరుడు ఆ నీడ ఊరిని ఒక మాట అడిగారు: "అలల కరెంటు గట్టు కడితే మీ మడులు మునుగుతాయి, కొండ కింద కాలనీకి వెళ్తారా?" నూటికి తొంభై నాలుగు మంది వెళ్తామన్నారు. దానికి సమ్మతి నివేదిక అని పేరు పెట్టి, బొమ్మలు వేసి, అట్ట వేసి ప్రభుత్వానికి ఇచ్చారు. ఇంకో నలభై రోజుల్లో ఊరు ఖాళీ చేయించి గట్టు పని మొదలుపెడతారట.

పుట్టని మనుషుల దగ్గర తీసుకున్న ఒప్పుదలతో పుట్టిన మనుషులను లేపేస్తారా? దీన్ని శాస్త్రం అంటారా? నేను పీఠం సభలో ఇదే అడిగాను. "అందుకే కదా సుభాషిణి గారూ, మిమ్మల్ని సరిచూడటానికి పంపిస్తున్నాం" అన్నారు మా డైరెక్టర్ హేమాద్రి గారు, టీ కప్పు కింద పెట్టకుండానే. సరిచూడటం అంటే పన్నెండు మందిని ఆ ఒక్క ప్రశ్న అడిగి రావడం. అయిదు రోజులు గడువు. చేతికి ప్రశ్న కడియం తొడిగారు. అది నేను అడిగేదీ వాళ్లు చెప్పేదీ రాసుకుంటుంది. ఒకే మనిషిని ఒకే ప్రశ్న రెండోసారి అడిగితే ఎర్రగా వెలిగి పీఠానికి ఫిర్యాదు చేస్తుంది. అది ప్రశ్నల వేధింపు నిరోధక చట్టం కింద నేరం.

ఆ చట్టం కోసం ఊరేగింపుల్లో ముందు వరసలో నడిచినదాన్ని నేనే. ఆ రోజుల్లో కంపెనీల వాళ్లు రోజుకు నలభైసార్లు మనుషుల్ని అడిగి అడిగి చంపేవాళ్లు. మంచి చట్టమే. మంచి చట్టాన్ని ఎలా వాడుకోవాలో వాళ్లకు తెలిసినంతగా మనకు తెలియదు, అంతే.

నన్నే ఎందుకు పంపారంటే, ఇరవై ఏడేళ్ల కిందట నా పిహెచ్‌డి ఈ ఊరి మీదే. బంగారు పతకం వచ్చింది. ఆ తర్వాత మళ్లీ ఇటు తొంగి చూడలేదు.

రెండో రోజు

పొద్దున్నే మొదలుపెట్టాను. మొదటి గడప అసిరమ్మది. డెబ్బై ఏళ్లుంటాయి. అప్పట్లో ఆమె ఇంట్లోనే అంబలి తాగేదాన్ని. అప్పా అని, అంటే ఇక్కడి మాటలో అక్కా అని పిలిచేదాన్ని. గుర్తుపట్టి బుగ్గలు పుణికింది.

"ఓలమ్మ, సుభాసినీ! జుట్టు నెరిసిపోనాది గానీ మొకంలో ఆ సిరాకు అలగే ఉన్నాదే!"

నవ్వాను. కడియం నొక్కి ప్రశ్న అడిగాను. లే, తిట్టు, ఉమ్మెయ్ అని లోపల అరుస్తున్నాను.

"ఎల్తాం తల్లీ. ఎల్లకేటి" అంది అసిరమ్మ.

రెండో గడప: "అలగే ఎల్దాం." మూడో గడప: "మీరు సెప్పినాక కాదంటామేటి." తూము కాపలా దాలయ్య, నలభై ఏళ్ల బలమైన మనిషి, గొడవ పెట్టుకుంటాడని ఆశపడ్డాను. "సరే మేడంగోరూ" అని చేతులు కట్టుకున్నాడు. పన్నెండు మందిలో పదకొండు మంది సరే. పన్నెండో ఆయనకు చెముడు, ఆయన కూడా తల ఊపాడు గానీ నేను లెక్కలో వేసుకోలేదు.

ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. మీ కోసం సభలో గొంతు చించుకున్నాను. మీ కోసం పదోన్నతి పోగొట్టుకున్నాను. మీరు మాత్రం తల వంచి సరే అంటారా? ఎన్ని తరాలు తొక్కితే మనుషులు ఇలా అవుతారు?

సాయంత్రం హేమాద్రి గారు ఫోన్ చేశారు. ఆయన గొంతులో జాలి. గెలిచినవాళ్ల జాలి ఎంత అసహ్యంగా ఉంటుందో!

"చూశారా మరి? తొంభై నాలుగు అన్నాం. మీకు తొంభై పైనే వచ్చింది. నీడ ఊరు తప్పు చెప్పదండీ. రేపు సరిపోయిందని ముద్ర వేసి పంపించేయండి."

"గడువు ఇంకా మూడు రోజులుంది."

"ఉంటే ఉండండి. ఉప్పుగాలి ఒంటికి మంచిది."

మూడో రోజు

ముద్ర వేయలేదు. కారణం చెప్పలేను, మొండితనం. తెల్లారి మడుల వైపు నడిచాను. గట్టు మీద నుంచి చూస్తే ఊరంతా మడుల్లో ఉంది. ఆడా మగా వరసలు కట్టి, ఒకరి భుజం ఒకరు పట్టుకుని, తడిమట్టిని కాళ్లతో తొక్కుతున్నారు. మడి అడుగు రాయిలా గట్టిపడేదాకా అలా వారం తొక్కితేనే వచ్చే కాలానికి ఉప్పు మట్టి అంటకుండా తెల్లగా దిగుతుంది. ఆ సంగతి నా సిద్ధాంత గ్రంథం రెండో అధ్యాయంలో ఉంది. నేనే రాశాను.

నలభై రోజుల్లో వెళ్లిపోయేవాళ్లు వచ్చే కాలానికి మడి ఎందుకు తొక్కుతున్నారు?

దాలయ్య గట్టెక్కి వస్తే అడిగాను. ఇది వేరే ప్రశ్న కాబట్టి కడియం ఊరుకుంది.

"మడి తొక్కకపోతే ఉప్పెలాగొస్తాది మేడంగోరూ?"

"నిన్న నేనడిగితే వెళ్లిపోతామన్నావు కదయ్యా!"

దాలయ్య అటు తిరిగి మడిలోకి కేకేశాడు. "ఓలప్పా! ఇటు రా. మేడంగోరు నిన్నటి మాట నమ్మేసినారు!"

మడంతా నవ్వింది. నా చెవులు మండిపోయాయి. అసిరమ్మ కాళ్లకు మట్టితోనే వచ్చి నా పక్కన కూచుంది. చుట్ట తీసింది, తడిసిపోయిందని పారేసింది.

"ఇంటికొచ్చి అడిగినోళ్లకి మొదటేపు కాదని సెప్పం అమ్మీ. ఒట్టి సేతుల్తో పంపినట్టుంటాది. అది మర్యాద."

"అబద్ధం చెప్పడం మర్యాదా?"

"అబద్దమేటి? సూడు." చెయ్యి చాపి చూపించింది. "సంద్రం నీళ్లు ఎకాఎకీ ఉప్పవుతాయేటి? మొదటి మడిలో మట్టి దిగాల. రెండో మడిలో సిక్కబడాల. మూడో మడిలో గదా ఉప్పు. నువ్వు మొదటి మడిలో నీళ్లు నోట్లో పోసుకుని ఇదే ఉప్పని ఎలిపోతే మావేటి సెయ్యగలం?"

దాలయ్య అందుకున్నాడు. "మొదటేపు అడిగితే సరే అంటాం. రెండోసారి అడిగితే మాలో మావు తిట్టుకుంటాం, కొట్టుకుంటాం. మూడోసారి పున్నమి పోటుకి తూము కాడ ఊరంతా నిలబడి సెప్తాం. అదే మాట. దానికి తిరుగు నేదు."

"మూడుసార్లు అడక్కపోతే?"

"అడగనోడికి మా మాటతో పని నేదనీగదా?"

పున్నమి తొమ్మిదో రోజున. నా గడువు అయిదో రోజుతో సరి. రెండోసారి అడిగితే నేరం.

నాలుగో రోజు

ఎండ సైరన్ తర్వాత గిడ్డంగిలో తడిగుడ్డ నెత్తిన కప్పుకుని హేమాద్రి గారికి అంతా చెప్పాను. ఓపికగా విన్నారు. ఓపికగా వినడం వాళ్ల ఆయుధం.

"చట్టం ఒకసారే అంటుంది సుభాషిణి గారూ. మీరు పోరాడి తెచ్చిన చట్టమే."

"చట్టం అంటే సరిపోతుందా? వాళ్ల మాట చెప్పే పద్ధతే అది. ఒకసారి అడిగి రాసుకున్నది వాళ్ల జవాబే కాదు."

"అంత ముఖ్యమైన ఆచారమైతే మీ పుస్తకంలో ఎందుకు లేదు?"

"నా పుస్తకం ఎందుకొచ్చింది మధ్యలో?"

ఆయన నిజంగానే ఆశ్చర్యపోయారు. "మీకు తెలియదా? నీడ ఊరికి పునాది అదేనండీ. జనాభా లెక్కలు, ఆసుపత్రి లెక్కలు పైపై పూత. వాళ్లు ఎలా ఆలోచిస్తారు, ఎప్పుడు అవునంటారు, ఎప్పుడు కాదంటారు, అదంతా మీ అయిదో అధ్యాయం. అంత బాగా చేశారు మీరు."

అయిదో అధ్యాయం పేరు ఇక్కడ రాస్తున్నాను, సిగ్గు నాకే ఉండాలి కాబట్టి: "ఉప్పు కార్మికుల్లో అంగీకార స్వభావం, దాని వర్గ మూలాలు".

ఇరవై ఆరేళ్ల వయసులో ఈ ఊరికి వచ్చాను. స్కాలర్‌షిప్ గడువు మూడు వారాలు. తొంభై ఆరు గడపలు, నలభై ఒక్క ప్రశ్నలు, గడపకు ఒక్కసారి. దాదాపు ప్రతి గడపా సరే అంది. సహకార సంఘం తీసేసి కాంట్రాక్టర్‌కు మడులు అప్పగిస్తే ఒప్పుకుంటారా అంటే తొంభై ఒక్క గడపలు సరే అన్నాయి. నేను ఆ సరేల మీద కూచుని మేడ కట్టాను. వీళ్లను శతాబ్దాల అణచివేత ఇలా తయారు చేసిందని, వీళ్ల నోట కాదు అనే మాటే ఎండిపోయిందని, వీళ్లది దాస్య చైతన్యమని నూట పది పేజీలు రాశాను. ఆవేశంగా, వాళ్ల పక్షాన నిలబడే రాశాను. చదివిన పరీక్షకుడు కళ్లు తుడుచుకున్నాడట.

వాళ్ల పక్షాన ఉన్నానన్న గర్వం ఎంత గుడ్డిదో చూడండి. వాళ్లు అణగిపోయి ఉన్నారని ముందే తెలుసు కాబట్టి ఇంకోసారి అడగాల్సిన అవసరం రాలేదు నాకు. కంపెనీ వాడు నలభైసార్లు అడిగి వేధించాడు. నేను ఒకసారి అడిగి వాళ్లకు రోగం నిర్ధారించాను. ఎవడి పాపం పెద్దది?

అయిదో రోజు

అసిరమ్మకు చెప్పాను. చెప్పకుండా పడవెక్కి ఉండొచ్చు. ఆమె రాగులు చెరుగుతోంది, దాలయ్య గుమ్మంలో కూచుని తూము పలకకు తారు పూస్తున్నాడు. నీడ ఊరి సంగతీ, అయిదో అధ్యాయంలో ఏం రాశానో అదీ మామూలు మాటల్లో చెప్పాను. చేట ఆగింది.

"అంటే, మా మర్యాదకి నువ్వు రోగమని పేరెట్టినావు."

"అవునప్పా."

"దానికి నీకు బంగారం బిళ్ల ఇచ్చినారు."

"ఇచ్చారు."

"మా ఇంట అంబలి తాగి?"

దాలయ్య తారు కుంచె పక్కన పెట్టాడు. "మరి ఆ కాంట్రాట్టరు సంగతేటి రాసినారు మేడంగోరూ? ఆడికి మావు మడులిచ్చేసినామని రాసినారా?"

"ఒప్పుకున్నారని రాశాను."

దాలయ్య నవ్వలేదు. లేచి బయటికి రమ్మన్నాడు. ఎదురుగా, నేను నాలుగు రోజులుగా పడుకుంటున్న గిడ్డంగి బయటి గోడ మీద, సున్నం కింద సగం కనిపిస్తున్న అక్షరాలు వేలితో చూపించాడు: గండివలస ఉప్పు తయారీదారుల సహకార సంఘం. "నా సిన్నప్పుడు మా నాయన రాసింది ఇది. మీరు ఎలిపోయిన ఆరో దినం పున్నమి. ఆ కాంట్రాట్టరు మూడోసారి అడగడానికొచ్చినాడు. తూము కాడ ఊరంతా నిలబడి కాదన్నాం. ఆడి లారీలు ఉత్తినే తిరిగెళ్లినాయి. సంగం అలగే ఉంది. మీరింకో ఆరు దినాలు ఉండాల్సింది."

లోపల్నుంచి అసిరమ్మ కేక: "ఉండమని నాను సెప్పినాను! ఇనుకున్నాదా? బస్సు బస్సని పరిగెట్టీసినాది!"

నాలుగు రాత్రులు ఆ గోడకు తల ఆనించి పడుకున్నాను. ఒక్కసారి బయటి నుంచి చూసి చదవలేదు. ఇది పరిశోధకురాలి కన్ను!

పీఠం నిబంధనల పుస్తకం బయటికి తీసి సాయంత్రం దాకా చదివాను. నీడ ఊరిని ప్రశ్నించే హక్కు అసలు ఊరికి లేదు. ప్రభుత్వానికి ఉంది గానీ వాళ్లెందుకు ప్రశ్నిస్తారు? ఇంకొక్క దారి ఉంది. పునాది పరిశోధన చేసిన మనిషి స్వయంగా, తన పరిశోధన తప్పని ఒప్పుకుని ఉపసంహరించుకుంటే నీడ ఊరు ఆగిపోతుంది. దాని మీద వచ్చిన నివేదికలన్నీ చెల్లవు. ఆ మనిషి పట్టా రద్దు. ప్రశ్నలు అడిగే అనుమతి జీవితాంతం రద్దు.

ఏడో రోజు

పీఠం, విచారణ గది. బల్లకు అటు అయిదుగురు, ఇటు నేను. పన్నెండు మందిని ఒక్కసారే అడగడం, మడులు తొక్కడం, గోడ మీద అక్షరాలు, అన్నీ చెప్పాను. సభ్యుల్లో ఒకాయన, గణితం చదివి మనుషుల శాస్త్రంలోకి వచ్చిన పెద్దమనిషి, "ఒక ఊరి అలవాటును బట్టి పద్ధతినే తప్పు పడతారా?" అన్నాడు.

"పద్ధతి ఎవరి గురించో వాళ్ల అలవాటు పట్టకపోతే, ఆ పద్ధతి ఎవరి కోసం?"

"మీరు ఉద్వేగంగా ఉన్నారు."

"ఉన్నాను. ఊరు మునుగుతుంటే ఉద్వేగం రాకపోతే డాక్టర్‌కు చూపించుకోవాలి."

హేమాద్రి గారు నన్ను పక్కకు, వరండాలోకి తీసుకెళ్లారు. ఆయన చెడ్డ మనిషి కాదు. అదే నా కోపానికి పెద్ద ఇబ్బంది.

"మీ కింద చదివిన పిల్లల సిద్ధాంత గ్రంథాలు పదకొండు, మీ దాని మీద నిలబడ్డాయి. అవీ పోతాయి. మీ ముప్పై ఎనిమిది వ్యాసాలు పోతాయి. ఎందుకండీ? ఇంకో తీరం ఊరి లెక్కలతో మూడు నెలల్లో కొత్త నీడ ఊరు కడతాం మేము. గట్టు ఆగదు."

"మూడు నెలలు ఆగుతుందిగా."

"మూడు నెలల కోసమా?"

"మూడు పున్నములండీ."

ఆయనకు అర్థం కాలేదు. లోపలికి వెళ్లి ఉపసంహరణ పత్రం మీద సంతకం చేశాను. కారణం అనే గడిలో ఇంత స్థలమే ఇచ్చారు, ఒక్క వాక్యం పట్టింది: "నేను వినే లోపే వెళ్లిపోయాను." నా పేరు ముందున్న డాక్టర్ అనే మాటను గుమాస్తా రబ్బరు ముద్రతో అక్కడికక్కడే కొట్టేశాడు. చాలా శ్రద్ధగా, రెండుసార్లు.

పదకొండు మంది పిల్లల్లో ముగ్గురు అప్పుడే ఫోన్ చేసి తిట్టారు. వాళ్ల తిట్లు న్యాయమైనవి. వాళ్లు ఉద్యోగాల కోసం పడ్డ కష్టం నాకు తెలుసు. వాళ్లకు తప్పుడు పునాది ఇచ్చింది నేను, ఇప్పుడు లాగేసిందీ నేనే. ఈ పేరా చదివి నన్ను వీరవనిత అనుకునేవాళ్లు ఎవరైనా ఉంటే ఆ పని మానుకోండి.

తొమ్మిదో రోజు

ఇది అధికారిక దినచర్య కాదు. నాకు దినచర్య రాసే హక్కు లేదు. రాస్తున్నాను.

పోటు పొద్దున తొమ్మిదిన్నరకు. తూము దగ్గర ఊరంతా, పసిపిల్లల్ని చంకనెత్తుకుని మరీ నిలబడ్డారు. ఇప్పుడు అడిగే హక్కు నాకు లేదు కాబట్టి నేను నోరు మూసుకుని అసిరమ్మ వెనక నిలబడ్డాను. మూడోసారి అడగాల్సిన మనిషి ఎవరూ రాలేదు. రెండోసారి అడిగిన మనిషీ లేడు. ఇంతకు ముందు ఇలా జరగలేదట. అడగకుండా ఎలా చెప్పాలి అని పది నిమిషాలు గొడవ.

"అడగడానికే రానోడికి మాటెందుకు సెప్పాల?" అన్నాడు ఒకాయన.

"సెప్పకపోతే ఆడే సెప్పీసుకుంటాడు, నిరుడు సెప్పీసుకున్నట్టు" అంది ఒకావిడ.

చివరికి దాలయ్యే తూము మీద నిలబడి అడిగాడు. తన ఊరిని తనే అడగడం వింతగా ఉందని మొదట నవ్వారు. తర్వాత గొడవ మొదలైంది. నేననుకున్నట్టు ఊరంతా ఒక్క గొంతుతో కాదనలేదు. ఇదీ రాయాలి, నచ్చినా నచ్చకపోయినా. ఇరవై గడపల వాళ్లు నిజంగానే వెళ్తామన్నారు. ఇద్దరు కోడళ్లు కాళ్ల పగుళ్లు చూపించి, అత్తల మొహం మీదే, ఈ ఉప్పు మాకొద్దు, కొండ కింద బడి ఉంది, నీడ ఉంది అన్నారు. ఒక ముసలాయన వాళ్ల మీద చెయ్యెత్తితే అసిరమ్మ ఆ చెయ్యి పట్టుకుని దించింది. "ఆళ్ల మాట ఆళ్లని సెప్పనీ. నువ్వు సెప్పినప్పుడు ఆళ్లు ఇన్నారు గదా?" వాళ్లు చెప్పింది విన్నారు. వెళ్లేవాళ్లు వెళ్లడానికి, వాళ్ల మడులు సంఘానికి ఇవ్వడానికి ఒప్పుకున్నారు. మిగిలిన తొంభై రెండు గడపలు కాదన్నాయి. గట్టు వేరే చోట కట్టుకోమన్నాయి.

నూటికి తొంభై నాలుగూ కాదు, నూటికి నూరూ కాదు. మనుషులు. నా అయిదో అధ్యాయంలో ఈ ఇద్దరు కోడళ్లకూ చోటు లేదు, ఆ ముసలాయనకూ లేదు.

ఈ మాట పీఠానికి ఎలా పంపాలి అనేది మిగిలింది. నేను రాస్తే చెల్లదు. సంఘం కాగితం మీద దాలయ్య రాశాడు, అసిరమ్మ చెప్పింది, ఊరంతా వేలిముద్రలు, సంతకాలు పెట్టింది. నేను ఒక్క అక్షరం దిద్దలేదు. దిద్దాలనిపించినా.

"అయ్యా, మీ కాడ ఇంకో గండివలస ఉన్నాదని ఇన్నాం. ఆళ్లు ఎల్తామన్నారని కూడా ఇన్నాం. మాకేటీ అబ్యంతరం నేదు. ఎల్తామన్నోళ్లని తప్పక తోలుకెల్పోండి. ఆళ్లకి ఇళ్లూ, బడీ, మంచినీళ్లూ అన్నీ ఇవ్వండి. మా కాడ నుంచి ఇరవై గడపలు ఎల్తామన్నాయి, ఆళ్ల పేర్లు ఎనకాతల రాసినాం. మిగతా మేం మీ కాడున్నోళ్లం కాదు. మేం మడుల్లో ఉంటాం. మాతో పనుంటే వొచ్చి అడగండి. ఎన్నిసార్లడిగినా ఏదింపు అనుకోం."